మా ఆయన తెచ్చిన ఫస్ట్ కాపీ

మా ఆయన పేరు సూర్యారావు. రాయ్‌పూర్ స్టేషన్ పార్సిల్ ఆఫీసులో గుమాస్తాగా చేరి, అదే ఆఫీసులో జుట్టు నెరిపించుకుని రిటైరైన మనిషి. ప్రమోషన్ ఇచ్చి వేరే ఊరు పంపుతామని పైవాళ్లు అడిగితే వద్దన్నారు. ఎందుకండీ అంటే, "నేనెళ్లిపోతే ఇక్కడ డబ్బాలు ఎవరు దింపుతారే ఫణీ?" అన్నారు. డబ్బాలంటే సినిమా రీళ్ల డబ్బాలు. జీతం ఇచ్చేది రైల్వే అయినా ఆయన ప్రాణం మాత్రం ఆ రేకు డబ్బాల్లోనే ఉండేది.

రెండువేల సంవత్సరం దాటాక కూడా మా డబ్ల్యూఆర్‌ఎస్ రైల్వే కాలనీ తెలుగువాళ్లకు తెలుగు సినిమా అంటే ఆదివారం పొద్దుటి ఆటే. స్టేషన్ దగ్గరి పాత టాకీసు వాడు, హిందీ సినిమా మొదలయ్యేలోపు హాలు మాకు అద్దెకిచ్చేవాడు. విశాఖపట్నం నుంచి ప్రింటు రైలు బ్రేకు వ్యానులో, అదే సామాన్ల పెట్టెలో, వచ్చేది. దాన్ని తెప్పించడం, దింపించడం, టాకీసుకు చేర్చడం, మళ్లీ వెనక్కి పంపడం, అంతా ఈయనగారి పెత్తనమే. మిగిలేది ఏమీ లేదు సరికదా, రిక్షా ఖర్చు కూడా మా ఇంటి మీదే. కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ అని నేను సణిగితే, "సినిమా చూసొచ్చి వారమంతా మనోళ్లు తెలుగులో దెబ్బలాడుకుంటారే, అది చాల్దేటి?" అనేవారు.

వచ్చే ప్రింట్ల సంగతి చెప్పకూడదు. ఊళ్లన్నీ తిరిగి అరిగిపోయి, అందరూ చూసి వదిలేశాక మాదాకా వచ్చేవి. మండుటెండలో తీసిన పాటలో కూడా తెర నిండా గీతల వాన కురిసేది. హీరోయిన్ నోరు తెరిచిన కాసేపటికి గాని మాట వినిపించేది కాదు. పాట సగంలో తెగి, మరుక్షణం ఎవరో ఆసుపత్రిలో మంచం మీద ఉండేవారు. ఎందుకున్నారో మాలో మేమే చెప్పుకునేవాళ్లం.

అందుకని మా ఆయనకు జీవితంలో ఒకటే కోరిక ఉండేది. ఫస్ట్ కాపీ. "నెగెటివ్ అని ఒకటుంటాదే ఫణీ. అది ల్యాబులో బీరువాలో ఉంటాది, బయటి కంటికి కనిపించదు. దాన్నించి మొట్టమొదట తీసిందే ఫస్ట్ కాపీ. దర్శకుడు, నిర్మాత కూర్చుని చూసి, బాగుందంటేనే మిగతావి తీస్తారు. దాని మీద గీత ఉండదు, మరక ఉండదు. అలాంటి దాన్ని ఒక్కసారి నా చేత్తో దింపాలే," అనేవారు. సినిమా పత్రికలో ఫలానా చిత్రం ఫస్ట్ కాపీ సిద్ధమైందని పడితే, బంధువులింట పురుడు వచ్చినంత సంబరంగా చదివి వినిపించేవారు.

ఆ మాట మా ఇంట్లో అన్నిటికీ అతుక్కుపోయింది. కాఫీ కుదిరితే ఫస్ట్ కాపీ. ఉతికి గంజి పెట్టిన చొక్కా ఫస్ట్ కాపీ. మా పూర్ణిమ రైల్వే ఆసుపత్రిలో పుట్టిన రోజున, నర్సు గుడ్డలో చుట్టి చేతికిస్తే ఈ మహానుభావుడు పిల్లను వెలుగులోకి ఎత్తి పట్టుకుని, "ఫస్ట్ కాపీయే ఫణీ, ఒక్క గీత లేదు," అన్నారు. నొప్పులు పడి లేచిన నాకు పక్కనున్న స్టీలు గ్లాసు విసిరి కొట్టాలనిపించింది. ఆ తర్వాత రెండో కాపీ రాలేదు మాకు. ఉన్న ఒక్కదాన్నీ ఆయన ఆ పేరుతోనే పెంచారు.

ఒక ఉగాదికి మాత్రం ఆయన నోరు జారారు. విశాఖపట్నంలో ఎవరో పంపిణీదారు కొత్త ప్రింటు పంపుతానన్నాడట. ఈయన కాలనీ అంతా తిరిగి, "ఈసారి కొత్త ప్రింటు, గీత ఉంటే నన్నడగండి," అని చెప్పుకొచ్చారు. జనం బీర్‌గావ్ నుంచి, అటు ధర్సీవా నుంచి కూడా పిల్లలతో వచ్చారు. డబ్బాల మీద చీటీ కొత్తది, లోపల రీలు పాతది. పాటలన్నీ ఎవరో కోసుకుపోయారు. చివరి రీలు అసలు ఆ సినిమాదే కాదు. హాలంతా ఈలలు, కేకలు. "సూర్యారావూ, మా పాటలేవయ్యా?" అని వెనక బెంచీల వాళ్లు అరిచారు. మా ఆయన గేటు దగ్గర నిలబడి, బయటికొచ్చే ప్రతి ఒక్కరికీ చేతులు జోడించారు. ఆఖరి మనిషి వెళ్లేదాకా ఆ చేతులు దించలేదు. పూర్ణిమ నా కొంగు పట్టుకుని చూస్తూ ఉంది.

ఆ రోజు తర్వాత ఆయన నలుగురి ముందుకు రావడం మానేశారు. పెళ్లిళ్లకు వెళితే చివరి వరసలో కూర్చునేవారు, తెలుగు సంఘం మీటింగులో మాట్లాడమంటే నీళ్లు నమిలేవారు. కొన్నేళ్లకు రీళ్లే పోయాయి, టాకీసూ మూతపడింది. ఫస్ట్ కాపీ ఆయన చేతికి రానేలేదు. నాకు కోపం ఎక్కువని కాలనీలో పేరు, అది నిజమే. కానీ ఆ విషయంలో మాత్రం ఆయన్ని నేను ఒక్క మాట కూడా అనలేదు.

పూర్ణిమ పెద్దదై ఒక రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగంలో చేరింది. యోగేష్ సంబంధం వచ్చింది. వాళ్లదీ మా విజయనగరం వైపే, బీర్‌గావ్‌లో స్థిరపడ్డారు. తల్లి అన్నమ్మగారు, కొడుకు, అంతే. పుట్టిందీ పెరిగిందీ ఇక్కడ కావడంతో అబ్బాయి తెలుగు మాటకు ముందొక హిందీ ముక్క, వెనకొక హిందీ ముక్క ఉంటాయి. సిల్తారాలో ఉక్కు ఫ్యాక్టరీలో పని. మాకేమీ వద్దు, పిల్లనిస్తే చాలని అన్నమ్మగారు మొదటి మాటే చెప్పేశారు. ఆవిడ మాట మీద నిలబడే మనిషి.

యోగేష్‌కు ఉన్న ఒకే ఒక పిచ్చి బూట్లు. పని చేసినంతసేపూ ముందు ఇనుప ముక్కున్న బరువైన బూట్లు తొడుక్కోవాలి కదా, సాయంత్రం అవి విప్పాక మెత్తటి బూటు తొడుక్కుంటే కాళ్లకు ప్రాణం లేచివస్తుందట. ఏదో విదేశీ కంపెనీ, పేరు నాకు నోరు తిరగదు. మడమ మీద ఎర్ర ఈక బొమ్మ ఉంటుంది. ఆ ఈక బూట్లు ఒక్క జత కొనుక్కోవాలని చాన్నాళ్లుగా అనుకుంటూ, ఇంటి ఖర్చులు అడ్డమొచ్చి వాయిదా వేస్తున్నాడని పూర్ణిమ చెప్పింది.

నిశ్చితార్థం అయిన కొత్తలో ఒకరోజు మా వరండాలో కూర్చుని, మా ఆయన అడిగితే, యోగేష్ ఆ బూట్ల శాస్త్రమంతా చెప్పాడు.

"మార్కెట్లో నకిలీ చాలా ఉంది మావయ్యా. కొనే ముందు చూసుకోవాలి. ముందు డబ్బా మీద చీటీలో నంబరు, బూటు నాలిక లోపలి నంబరు, రెండూ ఒకటే ఉండాలి. కుట్టు సమానంగా ఉండాలి, ఒకచోట ఒత్తుగా ఒకచోట పల్చగా ఉంటే గడ్‌బడ్. లోపల వాసన చూడాలి. జిగురు వాసన గుప్పున కొడితే వదిలీడమే. లోపలి మెత్త పైకెత్తి కింద కూడా కుట్టుందా లేదా చూడాలి. మరీ సస్తాగా, సగం ధరకే ఇస్తానన్నాడంటే అక్కడే అర్థమయిపోవాలి."

"మరి ఆ ఈకో?" అన్నారు మా ఆయన.

"అదే అసలు పాయింటు. అసలు దాంట్లో ఈక దారంతో కుడతారు. వేలు పెడితే తగుల్తాది."

మా ఆయన తలాడిస్తూ, రీలు అంచు చిల్లులు పరీక్ష చేసే ముఖం పెట్టి విన్నారు. ఆ ముఖం చూసి చాలా ఏళ్లయింది. వీళ్లిద్దరికీ కుదిరిందిలే అనుకుని నేను పకోడీలు వేయడానికి లోపలికి వెళ్లాను.

పెళ్లి దగ్గరపడ్డాక అసలు సంగతి బయటపెట్టారు. మా ఇళ్లలో పెళ్లిలో కాశీయాత్ర ఉంటుంది. పెళ్లికొడుకు గొడుగు పట్టుకుని, నాకీ సంసారం వద్దు, కాశీకి పోతానని బయల్దేరతాడు. బావమరిది ఎదురెళ్లి, కొత్త జోళ్లు తొడిగి, గడ్డం పట్టుకుని బతిమాలి వెనక్కి తెస్తాడు. హిందీవాళ్ల పెళ్లిళ్లలో జోళ్లు దొంగిలిస్తారు, మన పెళ్లిళ్లలో జోళ్లిచ్చి మరీ బతిమాలతాం. మాకు కొడుకు లేడు కాబట్టి వరసకు అయ్యే ఎవర్నైనా పిలుద్దామని నేనన్నాను.

"ఎవరూ వద్దు. నేనే వెళ్తాను," అన్నారు మా ఆయన. "ఆ ఈక బూట్లే తొడుగుతాను."

నేను ఆయన వంక చూశాను. చివరి వరస మనిషి, ఉగాది రోజు నుంచి నలుగురిలో తల ఎత్తని మనిషి, మండపం మధ్యలో రెండు వైపుల చుట్టాల ముందు తనంతట తాను నిలబడతానంటున్నాడు. సరేనండీ అన్నాను.

మాల్వీయ రోడ్డు పక్క సందులో ఒక బూట్ల దుకాణానికి ఇద్దరం వెళ్లాం. దుకాణం కుర్రవాడు మహేంద్ర, మర్యాదస్తుడు, మాకు మంచినీళ్లు ఇచ్చాడు. ఈక బూట్లు అడగ్గానే లోపలి నుంచి డబ్బా తెచ్చాడు. మా ఆయన కళ్లద్దాలు తుడుచుకుని మొదలుపెట్టారు. డబ్బా నంబరు, నాలిక నంబరు కలిశాయి. కుట్టు సమానంగా ఉంది. బూటు ముక్కు దగ్గర పెట్టుకుని ఊపిరి పీల్చారు, నన్నూ పీల్చమన్నారు. అగరొత్తుల వాసన తప్ప ఏమీ రాలేదు, పక్కనే దేవుడి పటం ఉంది. లోపలి మెత్త ఎత్తి చూస్తే కింద కుట్టులాంటిదేదో ఉంది. ఈక మీద గీతలు సన్నగా దారాల్లాగే కనిపించాయి. వేలు పెట్టబోతే మహేంద్ర, తెల్ల బూటు అంకుల్, మరక పడుతుంది అన్నాడు. ఆయన వెంటనే వేలు తీసేశారు. రీళ్ల మనిషి కదా, మరక అంటే భయం.

ధర విన్నాక నాకు అనుమానం వచ్చింది. యోగేష్ చెప్పినదాంట్లో సగానికి సగం కూడా లేదు. ఆయనకూ వచ్చినట్టుంది, బూటు బల్ల మీద పెట్టేసి, "సచ్ బోలో బేటా," నిజం చెప్పమన్నారు.

మహేంద్ర గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "ఝూఠ్ నహీ బోలూంగా అంకుల్. ఫస్ట్ కాపీ హై." అబద్ధం చెప్పను, ఇది ఫస్ట్ కాపీ.

మా ఆయన ముఖం చూడాలి అప్పుడు. దుకాణంలో దీపం పెట్టినట్టయింది. నా వైపు తిరిగి, "విన్నావేటే ఫణీ," అన్నారు మెల్లగా. నేనూ విన్నాను. నాకూ ఒళ్లు పులకరించింది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆ మాటకు నాకు తెలిసిన అర్థం ఆయన నేర్పినదే. రైలు మీద రాని ఫస్ట్ కాపీ బూట్ల డబ్బాలో వచ్చిందనుకున్నాం ఇద్దరం. దారిలో ఆటోలో ఆయన ఆ డబ్బాను ఒళ్లోనే పెట్టుకున్నారు. ఇంటికి చేరక ముందే ఫోటో తీసి యోగేష్‌కు పంపారు కూడా. నోట్లో నువ్వుగింజ నానదు ఆయనకు.

పూర్ణిమ ల్యాబు నుంచి వచ్చి డబ్బా తెరిచింది. వాళ్ల నాన్న పక్కనే నిలబడి, "ఫస్ట్ కాపీ అమ్మా. కొట్టతనే చెప్పేడు," అన్నారు. అది బూటు మళ్లీ డబ్బాలో పెట్టేసి, "చాలా బాగున్నాయి నాన్నా," అంది. తర్వాత వంటింట్లోకి వచ్చి తలుపు వారగా వేసింది.

"అమ్మా, ఇక్కడ ఫస్ట్ కాపీ అంటే డూప్లికేట్. డూప్లికేట్లలో మంచి డూప్లికేట్ అన్నమాట. అందరూ అలాగే అంటారు."

"నోర్ముయ్," అన్నాను. దానిమీద కోపం కాదు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, అన్ని పరీక్షలూ చేసి చేసి చివరికి ఒక్క మాట దగ్గర పడిపోయాం. అదీ ఆయన ప్రాణంలా చూసుకునే మాట దగ్గర.

మర్నాడు కూరలకని చెప్పి నేనొక్కదాన్నే ఆ దుకాణానికి వెళ్లాను, గొడవకు కొంగు బిగించే వెళ్లాను. మహేంద్ర కంగారుపడి లేచి నిలబడ్డాడు. "ఆంటీ, నేను చెప్పే ఇచ్చాను కదా. ఫస్ట్ కాపీ అని మీ ముందే చెప్పాను," అన్నాడు హిందీలో. నిజమే, చెప్పాడు. గుండె మీద చెయ్యి వేసుకుని మరీ చెప్పాడు. "వద్దంటే తెచ్చి ఇచ్చెయ్యండి, తీసుకుంటాను," అని కూడా అన్నాడు. దెబ్బలాటకు వెళ్లి, అవతలివాడు మంచివాడైతే ఎంత నీరసమో నాకు ఆరోజే తెలిసింది. మళ్లీ ఒక గ్లాసు మంచినీళ్లు తాగి వచ్చేశాను.

వెనక్కి ఇచ్చేద్దాం, ఆయనకు ఎలాగో నచ్చజెబుదాం అనుకుంటూనే ఇంట్లో అడుగు పెట్టాను. మా ఆయన గదిలో నిలువుటద్దం ముందు ఉన్నారు. కుర్చీకి ఎదురుగా వంగి, లేని కాళ్లకు బూటు తొడుగుతూ, మోకాలు నొప్పికి కుర్చీ అంచు పట్టుకుని లేస్తూ, మళ్లీ వంగుతున్నారు. నన్ను అద్దంలో చూసి సిగ్గుపడ్డారు. "నలుగురి ముందు తడబడకూడదు కదే," అన్నారు. వెళ్లి కూరలు తరుక్కున్నాను. ఏడుపొచ్చింది, ఉల్లిపాయల మీద పెట్టాను.

ఇక మిగిలిన దారి యోగేష్ ఒక్కడే. కాబోయే అల్లుడితో అత్తగారు ఫోనులో మాట్లాడే అలవాటు మాకు లేదు. డాబా మీద బట్టలు ఆరేసే చోట నిలబడి ఫోను చేశాను. బాబూ, ఒక మాట అని మొదలుపెట్టాను.

"బూట్ల గురించా అత్తయ్యా?" అన్నాడు అతనే. "తెలుసు. మావయ్యగారు ఫోటో పంపినప్పుడే చూసీసేను. ఈక కుట్టు కాదు, అచ్చు."

"మరి చెప్పలేదేం బాబూ?"

ఫ్యాక్టరీ చప్పుడుకి దూరంగా జరిగినట్టున్నాడు. తర్వాత, "ఫోటో కింద ఆయన ఫస్ట్ కాపీ అని రాసి, దండం బొమ్మ పెట్టేరు అత్తయ్యా. పూర్ణిమ పుట్టినప్పుడు కూడా ఆయన అదే మాట అన్నారట కదా, తను చెప్పింది. ఆ మాటకి ఇప్పుడు నేను వేరే మీనింగ్ ఎలా చెప్తాను?" అన్నాడు. "మీరు టెన్షన్ పడొద్దు. అవే తొడుక్కుంటాను. ఒకటే డర్, ఒకటే భయం. మా ఫ్యాక్టరీ ఫ్రెండ్స్ వస్తారు. బూట్లు చూడగానే చెప్పీగలరు వాళ్లు. ఒక్కొక్కడి నోరు ఆపలేను."

నేను ఫోను పెట్టేసి, ఆరిన బట్టలన్నీ తీసి మళ్లీ అవే ఆరేశాను.

పెళ్లి రోజు వచ్చింది. యోగేష్ పట్టుపంచె కట్టుకుని, నల్ల గొడుగు పట్టుకుని హాలు గుమ్మం దాకా వెళ్లి నిలబడ్డాడు. మేళం ఆగింది. మా ఆయన చివరి వరస నుంచి కాదు, మండపం మీద నుంచి దిగి, ఆ డబ్బా పట్టుకుని అందరి మధ్యలోంచి నడిచారు. అటూ ఇటూ కుర్చీల్లో ఆ ఉగాది రోజున టాకీసులో ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు. ఆయన ఎక్కడా తడబడలేదు. వంగి ఒక బూటు, తర్వాత రెండోది తొడిగారు. పట్టుపంచె కింద తెల్ల బూట్లు చూసి ఆడపిల్లలు ముసిముసిగా నవ్వుకున్నారు.

యోగేష్ స్నేహితులు ఓ పక్కన గుంపుగా ఉన్నారు. అందులో ఒకడు తల వంచి చూసి, "అరే, ఫస్ట్ కాపీ హై క్యా?" అన్నాడు. పక్కవాడితోనే అన్నాడు గాని, మేళం లేకపోవడంతో ఆ మాట అందరికీ వినిపించింది. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

మా ఆయన లేచి నిలబడ్డారు. ఎన్నో ఏళ్ల తర్వాత అంత గట్టిగా ఆయన గొంతు విన్నాను. "హా బేటా," అన్నారు ఛాతీ ముందుకు పెట్టి. "ఫస్ట్ కాపీ."

ఆ గుంపు మొత్తానికి నవ్వు పెదాల దాకా వచ్చింది. నేను దేవుడా అనుకుని పూర్ణిమ చెయ్యి పట్టుకున్నాను. అప్పుడు యోగేష్ గొడుగు మూసి, ఆ స్నేహితుడి వంక తిన్నగా చూస్తూ, నవ్వకుండా అన్నాడు. "హా. ఫస్ట్ కాపీ హై. ఇస్కే బాద్ జిత్నే బనే, వో సబ్ సెకండ్." దీని తర్వాత ఎన్ని తయారైనా అవన్నీ రెండోవే అని.

అతని ముఖం చూసి వాళ్లకు ఏమర్థమైందో గాని, నవ్వు అక్కడే ఆగిపోయింది. మొదట మాట్లాడినవాడు తల గోక్కుని, "మస్త్ హై భాయీ," అన్నాడు. యోగేష్ మా ఆయన వైపు తిరిగాడు. "మావయ్యా, ఇంత మంచి బూట్లేసుకుని కాశీ ఎవడెళ్తాడు. ప్రోగ్రాం కేన్సిల్. పదండి." హాలంతా ఒక్కసారి నవ్వింది, మేళం అందుకుంది. గడ్డం పట్టుకుని బతిమాలే పని మా ఆయనకు లేకుండాపోయింది. ఆయనే అల్లుడి చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చారు. తిరిగి వచ్చేటప్పుడు ఆయన ఒక్క ముఖం కూడా తప్పించుకోలేదు, అందరి వంకా చూస్తూ వచ్చారు.

యోగేష్ ఆ బూట్లు అటకెక్కించలేదు. మా ఇంటికి ఎప్పుడొచ్చినా అవే. ఏడాది తిరక్కుండానే, ఒక మధ్యాహ్నం మా మెట్ల మీదే కుడికాలి బూటు అడుగు నాలుకలా వేలాడింది. యోగేష్ మా ఆయన చెప్పులు తొడుక్కుని ఇంటికి వెళ్లాడు. బూట్లు నేను బాగు చేయిస్తానులే బాబూ అని ఈయన సంచీలో వేసుకుని తేల్‌ఘానీ నాకా చౌరస్తా దగ్గరి చెప్పులు కుట్టేవాడి దగ్గరికి బయల్దేరారు. నేను వెళతానంటే వినలేదు. ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

తిరిగొచ్చి వాకిట్లో కుర్చీలో కూర్చున్నారు. మంచినీళ్లిస్తే తాగలేదు.

"అడుగు కుట్టేడు," అన్నారు. "కుడుతూ చెప్పేడు. బాబూజీ, ఇది ఫస్ట్ కాపీ, నకిలీ మాల్, జిగురు తప్ప కుట్టు లేదు, అందుకే ఊడింది అని."

నేను చాటలో బియ్యం ఏరుతున్నాను. చెయ్యి ఆగింది.

"అల్లుడికి తెలుసేటి?"

"తెలుసండీ."

"ఎప్పట్నుంచి?"

"మీరు ఫోటో పంపినప్పటి నుంచి."

"పిల్లకి?"

"తెలుసు. నాకూ తెలుసు. మీరు అద్దం ముందు వంగుతున్నారు, చెప్పలేకపోయాను."

ఆయన బూటు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. మళ్లీ ఆ ఉగాది ముఖం వస్తుందేమోనని నాకు భయం. రాలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, కళ్లు కూడా తుడుచుకున్నారు. "అంతమంది ముందు నేను ఫస్ట్ కాపీ అని అరిచేనే. వాడు తెలిసి కూడా నా పక్కన నిలబడ్డాడు," అన్నారు. బూటు తిప్పి చూస్తూ, "మన పిల్ల ఫస్ట్ కాపీ అయితే, ఈ అబ్బాయి నెగెటివే ఫణీ. బీరువాలో దాచుకోవాల్సినోడు," అన్నారు.

అవునండీ అన్నాను.

"ఎర్ర దారం ఉందా ఇంట్లో?" అన్నారు.

జాకెట్లు కుట్టుకునే దారం ఉంది, గట్టి సూదీ ఉంది. కిటికీ దగ్గర కూర్చున్నాం. ఆయన బూటు గట్టిగా పట్టుకున్నారు, నేను ఆ ఈక మీది అచ్చు గీతల వెంట ఒక్కో గీతనీ దారంతో కుట్టుకుంటూ వెళ్లాను. సూది దిగనన్నప్పుడల్లా ఆయన మీద విసుక్కున్నాను, అలా వంకరగా పట్టుకుంటే ఎలాగండీ అని. ఆయన నవ్వుతూ తిప్పి పట్టుకున్నారు. ఒకచోట కుట్టు ఒత్తుగా, ఒకచోట పల్చగా వచ్చింది. యోగేష్ లెక్కలో గడ్‌బడే.

ఆదివారం పూర్ణిమ, యోగేష్ వచ్చారు. వెళ్లేటప్పుడు యోగేష్ గుమ్మం దగ్గర కూర్చుని బూటు అందుకున్నాడు. అలవాటు కొద్దీ బొటనవేలు మడమ మీద రాశాడు. వేలు దారం మీద ఆగింది. మళ్లీ ఒకసారి మెల్లగా రాశాడు. తలెత్తి మా ఆయన వంక చూశాడు.

"కుట్టుంది మావయ్యా," అన్నాడు.

"ఉంటాది బాబూ. చూసుకునే ఇస్తున్నాం," అన్నారు మా ఆయన. లేసు కట్టడానికి మోకాలి మీద చెయ్యి వేసుకుని వంగబోయారు. యోగేష్ ఆయన రెండు చేతులూ పట్టుకుని ఆపేశాడు, ఇక వంగనివ్వలేదు.